సంతకం చేసిన మాట శ్రీముఖలింగం దాకా రావాలి: వారసత్వ అధికారులకు బహిరంగ లేఖ

ప్రాచీన కట్టడాల సంరక్షణ చూసే కేంద్ర, రాష్ట్ర అధికారులకు,
ప్రపంచ వారసత్వ కమిటీ ముందు మన దేశం తరఫున మాట్లాడే ప్రతినిధులకు,
ఢిల్లీలోని యునెస్కో కార్యాలయ బాధ్యులకు,

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున, ప్రాచీన శివాలయాలున్న శ్రీముఖలింగం గురించి ఈ లేఖ. దాంతోపాటు బౌద్ధ కట్టడాలున్న గార మండలం శాలిహుండం గురించి, విజయనగరం జిల్లా రామతీర్థం కొండల గురించి కూడా నాలుగు మాటలు రాస్తాను. నేను బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇందులోని ఇబ్బందులు నా ఒక్కడివి కావు, గుడి చుట్టూ కాపురాలున్నవాళ్లవి. వాళ్ల తరఫున ఇదివరకే అర్జీలు పెట్టాం. ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి వెళ్లమంది. ఆ రెండోది మళ్లీ మొదటిదాని పేరే చెప్పింది. కాగితం మీద జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

మొదటే ఒక సంగతి చెప్పేస్తాను. గుడి చుట్టూ కొత్త నిర్మాణం కూడదన్న నూరు మీటర్ల హద్దు ఎత్తేయమని మేం అడగడం లేదు. ఆ హద్దు లేకపోతే ఈపాటికి సోమేశ్వరాలయం పక్కన మూడంతస్తుల లాడ్జీలు లేచేవి. మేం అడిగేది వేరు. ఈ కట్టడాలను కాపాడే బరువులో ఊరివాళ్లు తమ వంతు రోజూ మోస్తున్నారు. దేశం వంతు, ప్రపంచం వంతు కూడా ఇక్కడిదాకా రావాలి.

ప్రపంచం వంతు అన్నది నేను ఆవేశంలో అన్న మాట కాదు. మన దేశం సంతకం పెట్టిన ఒడంబడికలో ఉన్న మాట. నైలు నది మీద అస్వాన్ ఆనకట్ట కడుతున్నప్పుడు అబు సింబెల్ గుళ్లు మునిగిపోయే పరిస్థితి వచ్చింది. ఈజిప్టు, సూడాన్ సాయమడిగితే 1960లో యునెస్కో లోకమంతటికీ పిలుపునిచ్చింది. దేశదేశాలు డబ్బు పంపాయి, ఇంజనీర్లను పంపాయి. కొండలో తొలిచిన ఆ గుళ్లను రాళ్లుగా కోసి, పైకి చేర్చి, మళ్లీ నిలబెట్టారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మన కృష్ణా లోయలో నాగార్జునకొండ మునకకు సిద్ధమైంది. 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, బయటపడినవాటిలో ముఖ్యమైనవాటిని కొండపైకీ, అనుపుకూ తరలించారు. ఒక చోట గుడి పోతే నష్టం ఆ ఊరిది, ఆ దేశానిది మాత్రమే కాదన్న ఆలోచన ఆ కాలంలోనే బలపడింది. 1972 నవంబరు 16న యునెస్కో మహాసభ ప్రపంచ వారసత్వ ఒడంబడికను ఆమోదించింది. 1977 నవంబరులో మన దేశం అందులో చేరింది.

ఆ ఒడంబడికలో మా ఊరికి సంబంధించిన అధికరణాలు నాలుగున్నాయి. తన నేల మీద ఉన్న వారసత్వాన్ని గుర్తించడం, కాపాడటం, ముందు తరాలకు అందించడం మొట్టమొదట ఆ దేశం బాధ్యతేనని, అందుకు తనకున్న వనరులన్నీ పెట్టాలని నాలుగో అధికరణం చెబుతుంది. ఆ వారసత్వానికి ప్రజల రోజువారీ జీవితంలో చోటు కల్పించేలా విధానం ఉండాలని ఐదోది అంటుంది. దాని రక్షణకు చేయి కలపడం అంతర్జాతీయ సమాజమంతటి విధి అని ఆరోది. ఇక పన్నెండోది అన్నిటికన్నా మాకు ముఖ్యం. ఒక స్థలం పేరు ప్రపంచ వారసత్వ జాబితాలో లేనంత మాత్రాన దానికి విశ్వవ్యాప్తమైన విలువ లేదని అనుకోకూడదని అది తేటగా చెప్పింది. ఆచరణలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. జాబితాలో ఉంటే నిధులు, నిపుణులు, పర్యాటకులు, పత్రికల్లో బొమ్మలు. లేకపోతే ‘రక్షిత కట్టడం, పాడుచేస్తే శిక్ష’ అని రాసిన ఒక నీలం బోర్డు.

శ్రీముఖలింగం విలువ గురించి మీకు చెప్పేటంతటివాణ్ణి కాను. అయినా ఈ లేఖ చదివే మామూలు జనం కోసం చెప్పాలి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని శాసనాలు చదివి నిలబెట్టినవారు గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన పంతులుగారిగా ఆయన అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో చదువు చెప్పుకుంటూ, శాసనాల లిపి సొంతంగా నేర్చుకుని, ఈ పని చేశారన్నది తెలిసినవాళ్లు తక్కువ. ఇక్కడి మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కళింగ శిల్పానికి తొలినాటి మెట్లలో కొన్ని. అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథాలయం ఆయన తలపెట్టిందే. ఆ వంశంలోనే పుట్టిన నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్క కట్టించాడు. కోణార్క 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది. భువనేశ్వర్‌లోని పాత గుళ్ల ప్రాంతమైన ఏకామ్ర క్షేత్రం 2014లో, ఆ గుర్తింపుకు ముందు మెట్టయిన తాత్కాలిక జాబితాలో చేరింది. ఆ పరంపర మొదలైన చోటు మాత్రం జాబితాలో లేదు. 2025 నాటికి దేశంలో 44 ప్రపంచ వారసత్వ స్థలాలుంటే అందులో ఆంధ్రప్రదేశ్‌వి సున్నా. రామప్పకు 2021లో గుర్తింపు వచ్చినప్పుడు తెలుగువాళ్లమందరం సంతోషించాం. ఆ సంతోషం కళింగాంధ్ర వైపు ఇంకా రాలేదు.

ఇప్పుడు, దీనివల్ల ఇక్కడి మనుషులకు ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. ఇల్లు. ప్రాచీన కట్టడాల చట్టం 1958 నాటిది. 2010లో దాన్ని సవరించి, రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం పూర్తిగా కూడదన్నారు. ఆ పైన మరో 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. మా ఊళ్లో గుడి ఒక చోట, ఇళ్లు ఇంకో చోట లేవు. గుడి చుట్టూనే వీధులు, వీధుల నిండా తాతల నాటి పెంకుటిళ్లు. దూలం పుచ్చిపోతే మార్చుకోవాలి, గోడ ఉబ్బితే తిరిగి పెట్టుకోవాలి. ఇది కొత్త నిర్మాణమా, మరమ్మతా? 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. దరఖాస్తు ఎవరికి పెట్టాలో, ఏ కాగితాలు జత చేయాలో, ఎన్నాళ్లలో తేల్చాలో కూడా ఉంది. ఇవేవీ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. వానాకాలంలో గోడ కూలేటట్టున్న ఒక ముసలావిడ అడగడానికి వెళ్తే, "అది నిషేధిత ప్రాంతం, ముట్టుకుంటే జైలు" అన్నారు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నమాట నిజమే. మరమ్మతుకు దారి ఉందన్న మాట కూడా అంతే నిజం. సగం చట్టం చెప్పి సగం దాచితే, అడిగే ధైర్యం ఉన్నవాడు ఎవరినో పట్టుకుని పని జరిపించుకుంటాడు. భయపడినవాళ్లు కారే ఇంట్లోనే పడుకుంటారు. పక్కా ఇల్లు మంజూరైనా హద్దు కారణంగా పునాది వేయలేక, ఉన్న ఊరు వదిలి పొలాల దగ్గరికి పోయిన కుటుంబాలున్నాయి. గుడిని ఇన్ని తరాలు కనిపెట్టుకుని ఉన్నది ఈ మనుషులే. వాళ్లు వెళ్లిపోయాక మిగిలేది రాయి ఒక్కటే.

2. పండగ రోజులు. మహాశివరాత్రికీ, ఆ తర్వాత వంశధారలో చక్రతీర్థ స్నానానికీ జనం విరగబడి వస్తారు. ఒడిశా నుంచి వస్తారు, కొండల నుంచి సవరలు వస్తారు. మధుకేశ్వరుడు ఇప్పచెట్టులో వెలిశాడన్న కథ సవరలతో ముడిపడినదే కాబట్టి ఇది వాళ్ల పండగ కూడా. ఆడవాళ్లకు సరిపడా మరుగుదొడ్లు లేవు. ఎందుకు కట్టరని అడిగితే మళ్లీ అదే హద్దు చూపిస్తారు. కానీ ప్రజలు వాడుకునే మరుగుదొడ్లు, మురుగు కాలువలు, తాగునీటి పనులు, కరెంటు పనులు ఆ చట్టంలోని 'నిర్మాణం' నిర్వచనం కిందికే రావు. 2010 సవరణలో ఆ మినహాయింపు స్పష్టంగా రాసి ఉంది. చట్టం అడ్డుపడని పనికి చట్టం పేరు చెప్పి ఆపడం వల్ల నష్టపోతున్నది దూరాల నుంచి పిల్లలతో నడిచి వచ్చే ఆడవాళ్లు. ఈ ఒక్క విషయం మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

3. కాపలా. 2013లో ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే కాగ్ తనిఖీ బృందాలు 1,655 రక్షిత కట్టడాలు చూస్తే 92 అసలు కనబడలేదు. దేశంలో 3,693 కేంద్ర రక్షిత కట్టడాలుంటే, కాపలా సిబ్బందిని పెట్టగలిగింది 248 చోట్లేనని పార్లమెంటు స్థాయీ సంఘం ఆ తర్వాత ఎత్తిచూపింది. అలాంటప్పుడు మూలనున్న మా జిల్లాల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. విగ్రహాలు పోతే ఏమవుతుందో చందవరం చూసి నేర్చుకోవాలి. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలంలో దొంగలెత్తుకుపోయిన శిల్పం చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. 2016లో వాళ్లు తిరిగి ఇచ్చారు. దొంగ రవాణాను ఆపడానికి 1970లో వచ్చిన యునెస్కో ఒడంబడికలోనూ మన దేశం ఉంది. అయితే ఫలానా శిల్పం మాదేనని నిరూపించాలంటే మన దగ్గర ఫొటో, కొలత, తేదీ ఉండాలి. ముఖలింగం గోడల మీది ప్రతి బొమ్మకూ, ఆవరణలో విడిగా పడి ఉన్న ప్రతి రాయికీ అలాంటి చిట్టా ఉందా? ఉంటే జిల్లాలో ఒక ప్రతి ఎక్కడ చూడొచ్చు?

4. తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. అంతకుముందు 2014లో హుద్‌హుద్. ఈ తీరానికి తుపాను కొత్తేమీ కాదు. శాలిహుండం స్తూపాలు, చైత్యాలు కళింగపట్నం దగ్గర వంశధార పక్కన కొండ మీద, ఆరుబయట, ఇటుకతో ఉన్నాయి. 1919లో గిడుగువారే ఆ స్థలాన్ని గుర్తించారు. క్రీస్తు పూర్వం నుంచి ఎన్నో శతాబ్దాలు అక్కడ బౌద్ధం నడిచింది. రామతీర్థంలో గురుభక్తుల కొండ, దుర్గకొండ మీద పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ నూరేళ్ల కిందట వెలికితీసిన విహారాలదీ అదే పరిస్థితి. ఇటుక సందుల్లో రావిమొక్క మొలిస్తే రెండు వానాకాలాల్లో వేరు గోడను చీలుస్తుంది. కొట్టేసినా మొదలు ఉంటే మళ్లీ చిగురిస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పడవలకు, పశువులకు, పునరావాసానికి ప్రణాళిక ఉంటుంది. కొండ మీది ఇటుకకు ఏ ప్రణాళిక ఉందో ఊరికి తెలియదు.

5. పని. కట్టడాల దగ్గర గడ్డి కోయడం నుంచి రాయి కడగడం దాకా ఊరివాళ్లకు పని ఉండొచ్చు. చదువుకున్న పిల్లలు దారి చూపి కథ చెప్పగలరు. ఇప్పుడు వచ్చినవాళ్లు దణ్ణం పెట్టుకుని అరగంటలో కారెక్కుతున్నారు.

ఇక దేశం వంతు గురించి. మన పురావస్తు నిపుణులు 1986 నుంచి 1993 దాకా కంబోడియాలో అంకోర్‌వాట్‌ను బాగుచేశారు. తర్వాత అక్కడే తా ప్రోమ్ గుడిలో, వియత్నాంలోని మీసన్ గుళ్లలో పని చేశారు. ఆ పనికి నేను గర్వపడతాను. ఒడంబడిక ఆరో అధికరణం కోరేది అదే. 2024 జులైలో ప్రపంచ వారసత్వ కమిటీ 46వ సమావేశం ఢిల్లీలోనే జరిగింది. ఇతర దేశాల వారసత్వానికి తోడ్పడటానికి 10 లక్షల డాలర్లు ఇస్తామని ప్రధానమంత్రి ఆ వేదిక మీద ప్రకటించారు. అందులో ఒక్క రూపాయి తగ్గించమని మేం అనం. తా ప్రోమ్‌లో చెట్ల వేళ్లకూ రాళ్లకూ మధ్య పొత్తు కుదిర్చిన ఆ నేర్పు శాలిహుండం ఇటుకల మీద కూడా కనబడాలంటాం. పరాయి దేశానికి చేసే సాయం, సొంత ఊరికి చేయాల్సిన విధి ఒకే ఒడంబడికలో పక్కపక్కన ఉన్నాయి. జాతీయ ప్రాధాన్యం ఉన్న కట్టడాలను కాపాడటం రాజ్యం బాధ్యత అని మన రాజ్యాంగం 49వ అధికరణం విడిగానే చెప్పింది. అంతర్జాతీయ ఒప్పందాలను గౌరవించాలని 51వది చెప్పింది.

ప్రపంచం వంతు గురించి యునెస్కో బాధ్యులకు ఒక మాట. మీ నిధి నుంచి సాయం జాబితాలో ఉన్న స్థలాలకే కాదు, జాబితాకు అర్హమైనవాటికీ అందవచ్చు. ప్రతిపాదన తయారుచేసుకోవడానికి కూడా సాయం ఉంది. అయితే అది అడగాల్సింది దేశ ప్రభుత్వం. ఊరు నేరుగా అడగలేదు. పైగా ఇప్పుడు ఒక్కో దేశం ఏడాదికి ఒక్క స్థలాన్నే ప్రతిపాదించగలదు. మన దేశంలో పెద్ద పెద్ద రాజధానుల పక్కన ఉన్న కట్టడాలతో పోటీపడి శ్రీకాకుళం ముందు వరసకు రావాలంటే ఎన్ని తరాలు పడుతుంది? జాబితా నడిచే వేగం ఇటుక రాలే వేగం కన్నా తక్కువ. అందుకని జాబితా వెలుపలి స్థలాల కోసం కూడా మీరు మాట్లాడాలి. పన్నెండో అధికరణం మీకు ఆ అధికారమిచ్చింది.

మా కోరికలు ఇవి.

1. శ్రీముఖలింగాన్ని తాత్కాలిక జాబితాకు పంపే ప్రతిపాదన ఏ దశలో ఉందో బహిరంగంగా చెప్పాలి. ఒంటరిగా పంపడం కష్టమైతే ఒడిశా ప్రభుత్వంతో కలిసి, ముఖలింగం నుంచి భువనేశ్వర్, కోణార్క దాకా కళింగ ఆలయాలన్నిటినీ ఒకే వరసగా ప్రతిపాదించే విషయం చర్చించాలి. వంశధార నీళ్ల విషయంలో రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. ఈ విషయంలో కలిసి కూర్చోవడానికి ఏ తగాదా లేదు.

2. ప్రతి రక్షిత కట్టడానికీ దానికంటూ ఉపవిధులు, అంటే దాని చుట్టూ ఏం కట్టొచ్చో చెప్పే నియమాలు, రాయాలని 2010 సవరణ చెబుతోంది. ముఖలింగం, శాలిహుండం, రామతీర్థం ఉపవిధుల ముసాయిదాను తెలుగులో అచ్చువేసి, గ్రామసభలో చదివి, అభ్యంతరాలు విన్నాకే ఖాయం చేయాలి.

3. మరమ్మతు అనుమతి దరఖాస్తులు గ్రామ సచివాలయంలోనే తీసుకోవాలి. రసీదు ఇవ్వాలి. చట్టంలోని గడువులోగా అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలి. కాదంటే కారణం రాయాలి. పక్కా ఇల్లు మంజూరై హద్దు వల్ల ఆగినవాళ్లకు అదే ఊళ్లో, హద్దుకు బయట స్థలం ఇవ్వాలి. ఊరికి మైళ్ల దూరంలో ఇస్తే ఒప్పుకోం.

4. వచ్చే శివరాత్రిలోగా ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరుగా మరుగుదొడ్లు, తాగునీరు ఏర్పాటు చేయాలి. పూజలు చూసే శాఖ, రాయి చూసే శాఖ, పంచాయతీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే నెల రోజుల పని ఇది.

5. మూడు చోట్లా శిల్పాలు, శాసనాలు, విడిరాళ్లు అన్నిటికీ ఫొటోలతో చిట్టా తయారుచేసి, ఒక ప్రతి జిల్లా కేంద్రంలో అందరికీ అందుబాటులో ఉంచాలి. ఈ పనిలో డిగ్రీ కాలేజీ చరిత్ర విద్యార్థులు సాయం చేయగలరు. వాళ్లను పోగుచేసే పూచీ నాది.

6. శాలిహుండం, రామతీర్థాలకు తుపాను ముందు, తుపాను తర్వాత చేయాల్సిన పనుల ప్రణాళిక రాసి, ఎవరు చేయాలో పేరుతో సహా మండల కార్యాలయంలో పెట్టాలి. కలుపు తీతకు, కాపలాకు ఊరివాళ్లను జీతమిచ్చి పెట్టుకోవాలి.

7. ప్రపంచ వారసత్వ ఒడంబడిక పాఠాన్ని సులువైన తెలుగులో అచ్చువేసి, ఈ మూడు స్థలాల దగ్గర బోర్డుల మీద ముఖ్యమైన అధికరణాలు రాయించాలి. నీలం బోర్డు మీద శిక్ష ఒక్కటే కాదు, హక్కు కూడా కనబడాలి.

ఈ లేఖ ప్రతులు కలెక్టర్లకు, రెండు జిల్లాల పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు పంపుతున్నాం. అరవై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే ఇవే అంశాలతో సమాచార హక్కు చట్టం కింద విడివిడిగా దరఖాస్తులు పెడతాం, గ్రామసభలో తీర్మానం చేయించి ఢిల్లీకి పంపుతాం. మీలో ఎవరైనా స్వయంగా వచ్చి చూస్తామంటే మధుకేశ్వరాలయం నుంచి భీమేశ్వరాలయం దాకా వీధి వీధీ తిప్పి చూపిస్తాం. ఇళ్లు కూడా చూడాలి, గుళ్లు చూసి వెళ్లిపోతామంటే కుదరదు.

ఇట్లు,
శ్రీముఖలింగం, పరిసర గ్రామాల వాసుల తరఫున
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు
జలుమూరు మండలం, శ్రీకాకుళం జిల్లా